చలి ముదరకముందే: సిగరెట్ కాల్చే కుర్రాడికి మాటిమాటికీ బ్రాంకైటిస్ వస్తుంటే ఇంట్లోవాళ్ళు పడాల్సిన జాగ్రత్తలు

దసరా వెళ్ళి పైడితల్లమ్మ సిరిమాను కూడా అయిపోయిందంటే మన విజయనగరం, శ్రీకాకుళం వైపు తెల్లారగట్ల మంచు మొదలైపోతాది, కార్తీకం వచ్చేసరికి ఊళ్ళో సగం మందికి రొంప, దగ్గు. చాలామందికి కొద్దిరోజుల్లో పోతాది గానీ ప్రతి వీధిలో ఒక కుర్రాడుంటాడు చూడండి, ఇరవై రెండో ఇరవై ఐదో వయసు, వాడికి మాత్రం రొంప గుండెల్లోకి దిగిపోయి వారాల తరబడి గురగురమంటూ దగ్గుతానే ఉంటాడు, హమ్మయ్య తగ్గింది అనుకుంటే సంక్రాంతికి మళ్ళీ, శివరాత్రికి మళ్ళీ. వాళ్ళమ్మని అడిగితే మా గుంటడికి మంచు పడదమ్మా అంటాది. మంచు ఒకటే కాదమ్మా, జేబులో సిగరెట్ కూడా ఉంది. అలాంటి పిల్లలున్న ఇళ్ళవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను, ఇప్పుడే చదవండి, ఎందుకంటే దగ్గు పట్టుకున్నాక మనం చేయగలిగేది కొంచెమే, దగ్గు లేని ఈ నాలుగు వారాల్లో చేయగలిగేదే ఎక్కువ.

ముందు లోపల ఏటవుతుందో తెలియాలి. బ్రాంకైటిస్ అంటే ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్ళే గొట్టాలు వాచడం. గాలి గొట్టాల లోపలి గోడలకి కంటికి కనపడని సన్నటి నూగు ఉంటాది, సిలియా అంటారు, అది రాత్రీ పగలూ కదుల్తూ దుమ్మునీ క్రిముల్నీ కఫాన్నీ గొంతు వైపుకి తోసేస్తా ఉంటాది. పొగ తగిలేకొద్దీ ఆ నూగు మొద్దుబారిపోతాది, ఇంకోపక్క కఫం ఊరే గ్రంథులు వాచి ఎక్కువ ఊరుతాయి, అంటే ఇంట్లో చెత్త పెరిగింది, ఊడ్చే చీపురు విరిగింది. అందుకే పక్కింటి అబ్బాయికి ముక్కుతో పోయే వైరస్ మన అబ్బాయికి ఛాతీ దాకా దిగుతాది. పొద్దున్నే ఒకటి కాలిస్తేనే కఫం తెగుతుంది అని వాళ్ళంటారు కదా, నిజానికి రాత్రంతా పొగ లేక కొంచెం తేరుకున్న నూగు కఫాన్ని పైకి తెస్తాది, పొగ రాగానే గొంతు మండి దగ్గొస్తాది, మనోడు ఆ గొప్ప సిగరెట్‌కి కట్టేస్తాడు.

మందుల సంగతి. బ్రాంకైటిస్ ఎక్కువసార్లు వైరస్ వల్లే వస్తాది, వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదు. కఫం పచ్చగా ఉంది కాబట్టి కోర్సు వాడాలి అన్నది కూడా సరైన లెక్క కాదు, వైరస్ దగ్గుకి కూడా రంగు మారతాది. దగ్గు పూర్తిగా పోడానికి రెండు మూడు వారాలు మామూలుగానే పడతాది. ఈలోపు మనం ఆగలేం, ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికెళ్ళి ఇంజక్షన్ పొడిపించీసి, మూడ్రోజుల మాత్రలు తెచ్చీసి, తగ్గింది అనిపించగానే ఆపీసి, మళ్ళీ నెలకి అదే వరస. ఆ ఇంజక్షన్‌లో స్టెరాయిడ్ ఉంటే వెంటనే హాయిగానే ఉంటాది, జబ్బు మాత్రం అక్కడే ఉంటాది. యాంటీబయాటిక్ వాడాలా వద్దా అన్నది ఛాతీకి స్టెతస్కోప్ పెట్టి చూసిన ఎంబీబీఎస్ డాక్టరు గారు చెప్పాలి, మెడికల్ షాపులో కుర్రాడు కాదు. ఇంకోటి, ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు వాళ్ళు మరీ గుర్తుపెట్టుకోండి, ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు, ఒళ్ళు నొప్పులనీ ఛాతీ నొప్పనీ కిడ్నీకి చేటు చేసే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు ఇష్టమొచ్చినట్టు మింగకూడదు. జ్వరానికీ నొప్పికీ పారాసెటమాల్ చాలు, అదీ డోసు దాటకుండా.

ఏడాదిలో మళ్ళీమళ్ళీ వస్తుంటే అది ఒట్టి బ్రాంకైటిసేనా అని కూడా చూడాలి. రాత్రిపూట పిల్లికూతలు, పరిగెడితే ఆయాసం, దుమ్ము తగిలితే దగ్గు ఉంటే అది ఉబ్బసం కావచ్చు, దానికి దారే వేరు, ఇన్‌హేలర్ అలవాటైపోద్దని భయపడక్కర్లేదు, మందు నేరుగా గొట్టాల్లోకే వెళ్తాది కాబట్టి మాత్ర కన్నా చాలా తక్కువ డోసు సరిపోతాది. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే కళ్ళె పరీక్ష చేయించాలి, హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఒకే గదిలో పదిమంది పడుకుని పనిచేసి వచ్చిన పిల్లలైతే మరీను, టీబీ పరీక్షా మందులూ ప్రభుత్వాసుపత్రిలో ఫ్రీ. రెండేళ్ళు వరసగా ఏడాదికి మూడేసి నెలలు కఫంతో దగ్గు ఉంటే దాన్ని క్రానిక్ బ్రాంకైటిస్ అంటారు, ఈ వయసులో అక్కడిదాకా వెళ్ళినవాళ్ళు తక్కువే గానీ దారి మాత్రం అదే. స్పైరోమెట్రీ అని గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష ఉంది, దగ్గు తగ్గి బాగున్న రోజుల్లో డాక్టరు గారిని అడిగి ఒకసారి చేయించండి. శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో, విజయనగరం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఛాతీ డాక్టర్లకి చూపించుకోవచ్చు, అక్కడ తేలకపోతే విశాఖ పెదవాల్తేరులో ఛాతీ ఆసుపత్రి ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తాను. డాక్టరు గారి గదిలోకి కుర్రాణ్ణి ఒక్కణ్ణే పంపండి. మన ఇళ్ళల్లో నాన్న ముందు సిగరెట్ ఒప్పుకునే కొడుకు ఎంతమంది ఉంటారు చెప్పండి, అమ్మకి తెలిసినా తెలీనట్టుంటాది, పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇల్లయితే అసలు ఆ మాటే ఎత్తరు. మా మేనల్లుడు కూడా అంతే, అలవాటుందా అని అడిగితే వాళ్ళమ్మ పక్కనే ఉందని లేదండి అన్నాడు, దాంతో ఎలర్జీ మందులు రాశారు, అవి వాడుతూనే కిళ్ళీ కొట్టు దగ్గర కాల్చాడు. అసలు విషయం చెప్పకుండా చేయించుకునే వైద్యం ఎంత మంచి డాక్టరు చేసినా సగమే.

ఇప్పుడు మానడం గురించి. ఈ రోజు నుంచే మానీమని కేకలేస్తే వాడు ఇంటికి రావడం మానేస్తాడు తప్ప సిగరెట్ మానడు. వాడితోనే ఒక తారీకు అనిపించండి, చలికి ముందు, పండగకీ పెళ్ళిళ్ళకీ దూరంగా ఉన్న రోజు. మొదటి మూడు రోజులు చాలా కష్టం, చిరాకు, నిద్ర పట్టదు, తలనొప్పి, అన్నం మీద ధ్యాస ఎక్కువవుతాది, కొందరికి విరేచనం కూడా సరిగా అవదు, అందుకే చాలామంది మళ్ళీ వెలిగిస్తారు. నీళ్ళూ పళ్ళూ ఎక్కువ పెట్టండి, ఆ వారం వాడు విసుక్కుంటే పట్టించుకోకండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాది. టీతో పాటు సిగరెట్ అలవాటున్నోడికి టీ కొట్టు దగ్గరే ప్రాణం లాగుతాది, కొన్నాళ్ళు ఇంట్లోనే టీ ఇవ్వండి, విడి సిగరెట్లు అమ్మే బడ్డీ ఉన్న దారి మార్చుకోమనండి. రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే మెడికల్ షాపులో దొరుకుతాది, కానీ దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు, మెల్లగా నమిలి ఘాటు తగలగానే బుగ్గకీ చిగుళ్ళకీ మధ్య పెట్టీసి ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి, నమలడానికి పావుగంట ముందు నుంచీ టీ కాఫీ వద్దు. లేవగానే అరగంట లోపే వెలిగించే అలవాటుంటే డాక్టరుని అడగాలి, గట్టి డోసు గమ్ గానీ మాత్రలు గానీ రాస్తారు. ఇంకా చూసుకోండి, సిగరెట్ బదులు బీడీ అంటే తక్కువ హాని కాదు, ఖైనీ, గుట్కా కూడా అంతే, ఈ-సిగరెట్ 2019 నుంచి మన దేశంలో అమ్మడమే నేరం.

మానిన మొదటి వారాల్లో దగ్గు పెరగొచ్చు. ఇది ముందే వాడికి చెప్పాలి, లేకపోతే కాలుస్తున్నప్పుడే బాగున్నాను అనీసి మళ్ళీ మొదలెడతాడు. నూగు తేరుకుని పాత కఫాన్ని బయటకి తోస్తుంది, అంతే.

వాడొక్కడు మానితే చాలదు, ఇంట్లో పొగ సంగతీ చూడాలి. మన వైపు ముసలమ్మలు అడ్డచుట్ట కాలుస్తారు కదా, నిప్పు నోట్లోకి పెట్టుకుని, అంగిలి కేన్సర్‌కి అదో పెద్ద కారణం, ఆ పొగ గదిలో ఉన్న మనవడికీ తగుల్తాది. మామ్మని తిట్టకండి, ముందు గదిలో కాకుండా బయట అరుగు మీద కాల్చుకోమని మర్యాదగా అడగండి, నోట్లో తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ కనిపిస్తే ఆమెనీ చూపించండి. కట్టెల పొయ్యి, తలుపులేసిన గదిలో దోమల చుట్ట, ఇవన్నీ అదే పని చేస్తాయి. పలాసలో జీడిపిక్కలు కాల్చేచోట పనిచేసేవాళ్ళు, జూట్ మిల్లులో గోగునార దుమ్ములో ఉండేవాళ్ళు, రైస్ మిల్లు, వరి నూర్పుల దగ్గర ఊక దుమ్ములో ఉండేవాళ్ళు గట్టి మాస్క్ కట్టుకోవాలి, ఎన్95 అయితే మంచిది, తుండుగుడ్డ సన్నటి దుమ్ముని ఆపదు. భోగి మంటలో టైర్లు వేస్తున్నారు ఈమధ్య, అక్కడికి మాత్రం పంపకండి.

చలి మొదలవకముందే ఫ్లూ టీకా గురించి డాక్టరుని అడగండి, ఏటా వేయించుకోవాలి, కాల్చేవాళ్ళకి న్యుమోనియా టీకా కూడా చెప్తారు. దగ్గు పట్టుకుంటే గోరువెచ్చటి నీళ్ళు, ఉప్పునీళ్ళ పుక్కిలింత, చెంచా తేనె, బుగ్గన కరక్కాయ ముక్క, వీటితో గొంతుకి హాయి. ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నె మీద వంగొద్దు, కాలినవాళ్ళున్నారు.

కళ్ళెలో రక్తం పడితే, మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టుంటే, బరువు తగ్గిపోతుంటే అదే రోజు చూపించండి. కూర్చున్నా ఆయాసం, మాట పూర్తిచేయలేకపోవడం, పెదాలు నీలంగా మారడం, ఆక్సిమీటర్‌లో 94 కన్నా తగ్గడం కనిపిస్తే ఇంట్లో ఆగకండి, 108 కి ఫోన్ చేయండి.

ఇంక సంక్రాంతికి హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ స్నేహితులు దిగుతారు, చెరువు గట్టు మీద ఒకడు ప్యాకెట్ తీస్తాడు, మనోడు ఒకటి కాల్చేస్తాడు. అయిపోయింది, వీడు మారడు అని మీరు అనకండి, ఆ ఒక్క మాటకే మిగతా ప్యాకెట్ కాల్చేవాళ్ళున్నారు. మర్నాడు పొద్దున్నుంచి మళ్ళీ మొదలెట్టమనండి, వాడికి మీతో చెప్పుకోడానికి మొహమాటంగా ఉంటే 1800 11 2356 కి వాణ్ణే ఫోన్ చేయమనండి, పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టోల్‌ఫ్రీ నంబరు అది.