ల్యాన్ వైరు పెడితే నెట్ పోతుంది, పీకితే ప్రింటర్ పోతుంది

కడప ఏడు రోడ్ల దగ్గర జిరాక్స్ షాపు పెట్టుకున్న మా బావమరిది మొన్న ఫోన్ చేశాడు. "బావా, వైరు పెడితే నెట్ పోతాది, పీకితే ప్రింటర్ పోతాది, ఈడ చూస్తే హాల్ టికెట్లకు పిల్లోళ్లు నిలబడుకోని ఉండారు."

సమస్య: వైరు వెళ్లేది ప్రింటర్ తగిలించిన పాత రౌటర్‌కి, దానికి నెట్ లేదు. నెట్ వచ్చేది ఫోన్ హాట్‌స్పాట్ నుంచి, వైఫైలో. రెండూ కలిపితే బ్రౌజర్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది.

కారణం: ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో గుర్తుపట్టే నంబరు) అనేది కంప్యూటర్ మొత్తానికి ఒకటి కాదు, వైరుకు ఒకటి, వైఫైకి ఒకటి వస్తుంది. రెండు ఉండటం తప్పేం కాదు, తంటా అంతా గేట్‌వేతోనే, అంటే బయటి నెట్‌కు దారి చూపే రౌటర్ అడ్రస్‌తోనే. బయటికి దారి నేనంటే నేనని రెండు రౌటర్లూ చెప్పుకుంటే విండోస్ మెట్రిక్ (ఏ దారి ముందో చెప్పే నంబరు) తక్కువున్న దాన్ని పట్టుకుంటుంది, మామూలుగా అది వైరుదే అవుతుంది, ఆ దారి చివర నెట్ ఉందా లేదా అన్నది చాలాసార్లు చూసుకోదు. కమాండ్ ప్రాంప్ట్‌లో 'రూట్ ప్రింట్' (route print) కొట్టి చూడండి. 0.0.0.0తో మొదలయ్యే వరసలు రెండుంటే ఇదే రోగం. మావాడు ఇది చూడకుండా రెండు రోజులు రీస్టార్టులతోనే గడిపాడు.

పరిష్కారం: వైరు అడాప్టర్ (విండోస్‌లో ఈథర్నెట్ అని కనిపించేది) ప్రాపర్టీస్‌లో ఐపీ వెర్షన్ 4 తెరిచి అడ్రస్ చేత్తో ఇవ్వండి. ప్రింటర్ 192.168.1.50 అయితే మీది 192.168.1.20, సబ్‌నెట్ మాస్క్ గడిలో 255.255.255.0. ఆ నంబరు ఇంకో యంత్రానికి ఉండకూడదు. గేట్‌వే, డీఎన్ఎస్ (సైట్ల పేర్లకు నంబర్లు వెతికిపెట్టేది) గళ్లు ఖాళీగా వదిలేయండి, అసలు మందు అదే. అడ్రస్ ఆటోమేటిక్‌గానే కావాలంటే అడ్వాన్స్‌డ్‌లో ఆటోమేటిక్ మెట్రిక్ టిక్కు తీసేసి వైఫైకి 10, వైరుకు 50 ఇచ్చినా సరిపోతుంది.

ఇంత చేసినా ప్రింటర్ ఒకసారి పలికి ఒకసారి పలకకపోతే రెండు వైపులా 192.168.1 సిరీసే ఉందేమో చూడండి. ఒకే పేరుతో రెండు వీధులుంటే ఉత్తరం ఎటు పోతుందో తెలియదు కదా. పాత రౌటర్‌ని 192.168.10.1కి మార్చి, ప్రింటర్‌కీ వైరు అడాప్టర్‌కీ ఆ వరసలోనే నంబర్లివ్వండి, కంప్యూటర్‌లో ప్రింటర్ పోర్టు సెట్టింగులో కూడా కొత్త నంబరు పెట్టడం మరవద్దు.

వైరు అడ్రస్ 169.254తో మొదలైతే కథ వేరు. రౌటర్ అసలు నంబరే ఇవ్వలేదని అర్థం, ముందు వైరు క్లిప్పు విరిగిందేమో చూసుకోండి.