కుటుంబంతో కారు ప్రయాణం, 3వ పాఠం: రోజుకు ఎంత దూరం, ఎక్కడెక్కడ ఆగాలి?

గత పాఠం చివర ఒక చిన్న పని అప్పగించాను. కారెక్కేవాళ్లందరి పేర్లూ రాసి, ఒక్కొక్కరూ దిగకుండా ఎంతసేపు కూర్చోగలరో నిమిషాల్లో వేయమన్నాను. ఆ కాగితం తెచ్చుకోండి, ఇవాళ్టి లెక్కకు అదే ఆధారం. రాయనివాళ్లు ఇప్పుడైనా రాసేయండి, రెండు నిమిషాల పని.

మా ఇంటి కాగితం ఇలా ఉంది: నేను 120, మా ఆవిడ 120, ఎనిమిదేళ్ల పెద్దాడు 100, మోకాళ్ల నొప్పులున్న అమ్మ 90, మూడేళ్ల చిన్నది 80. ఇందులో మనకు పనికొచ్చేది అన్నిటికంటే చిన్న అంకె. బండి నేనే నడుపుతున్నాననుకుంటాను గానీ, ఎప్పుడు ఆగాలో తేల్చేది వెనక సీట్లో బెల్టు కట్టుకుని కూర్చున్న మూడేళ్ల మనిషే.

కిలోమీటర్లు పక్కన పెట్టండి

అందరూ అడిగే మొదటి ప్రశ్న, "రోజుకు ఎన్ని కిలోమీటర్లు వెళ్లొచ్చు?" అని. దానికి జవాబు లేదు. మంచి హైవే మీద 400 కిలోమీటర్లు ఐదు గంటల్లో అయిపోతాయి. అవే 400 ఘాట్ రోడ్డులో, వానలో, లారీల వెనక అయితే పది గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకని ఈ పాఠాల్లో గంటల్లోనే లెక్కేసుకుందాం. చక్రాలు తిరుగుతున్న సమయాన్ని "స్టీరింగ్ గంటలు" అందాం. ఇంటి ముందు బండి కదిలినప్పటి నుంచి రాత్రి బస ముందు ఇంజన్ ఆపేదాకా గడిచేది "మొత్తం గంటలు". ఈ రెంటికీ ఉన్న తేడా తెలిస్తే సగం పాఠం వచ్చేసినట్టే.

నాకది ఆలస్యంగా తెలిసింది. ఒకసారి ఒకే రోజులో 820 కిలోమీటర్లు పెట్టుకున్నాను. మ్యాప్ పదకొండున్నర గంటలంది. ఉదయం ఆరుకు బయల్దేరితే సాయంత్రం ఐదున్నరకు చేరిపోతామని ఇంట్లో ధీమాగా చెప్పాను. రాత్రి తొమ్మిదింటికి ఇంకా రోడ్డు మీదే ఉన్నాం. పైగా వాన. ఒక మలుపు దాటేసి వెళ్లిపోయాను, ఆ సంగతి కూడా నాకు తెలియలేదు. "ఈ వంతెన ఇందాకే దాటాం కదా" అని అమ్మ వెనక నుంచి మెల్లగా అంది. అప్పటికి పిల్లలు ఏడ్చి ఏడ్చి పడుకున్నారు. ఆ రోజు మ్యాప్‌ది తప్పేం లేదు. అది చెప్పింది స్టీరింగ్ గంటలు, నేను విన్నది మొత్తం గంటలు.

స్టీరింగ్ గంటలకు హద్దు

ముందు బండి నడపడమే ఉద్యోగమైనవాళ్ల సంగతి చూద్దాం. యూరోపియన్ యూనియన్‌లో లారీ, బస్సు డ్రైవర్లు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి. రోజుకు 9 గంటలు మించకూడదు, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా వెళ్లొచ్చు. అమెరికాలో సరుకు లారీలకు 11 గంటల హద్దుంది. అదీ వరసగా పది గంటలు విశ్రాంతి తీసుకున్నాకే. ఇవన్నీ రోజూ అదే పని చేసి అలవాటు పడ్డవాళ్లకు పెట్టిన పై హద్దులు. వాళ్ల వెనక సీట్లో "ఇంకెంతసేపు?" అని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. ఏడాదికి రెండుసార్లు దూరం వెళ్లే మనం ఆ అంకెల దరిదాపులకు పోకపోవడమే మంచిది.

నేను పెట్టుకున్న హద్దులివి. నడిపేది ఒక్కరే అయితే 6 నుంచి 7 గంటలు. ఇద్దరు నిజంగా మార్చుకుంటూ నడిపితే 8. ఈ "నిజంగా" అన్న మాటను గట్టిగా పట్టుకోండి. లైసెన్స్ ఉండి హైవే ఎక్కని మనిషిని రెండో డ్రైవర్‌గా లెక్కేయొద్దు. పాలు తాగే బిడ్డ ఉంటే 5 గంటలు దాటను. పసిపిల్లల్ని కారు సీట్లో ఒకే బిగిన రెండు గంటలకు మించి ఉంచొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. ఆ లెక్కన ఆగడమే ఎక్కువ, సాగడం తక్కువ.

ఒక లెక్క చేసి చూద్దాం

దూరం 1,400 కిలోమీటర్లు, మ్యాప్ చూపించే సమయం 20 గంటలు అనుకుందాం. ఇరవైని ఏడుతో భాగిస్తే మూడుకు కాస్త తక్కువ వస్తుంది. అంటే మూడు రోజులు. రెండు రోజుల్లో పోవచ్చని చెప్పే బంధువు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు, ఆయన్ను బండి ఎక్కించుకోకండి.

మూడు రోజులన్నాం కదా అని ఇరవైని మూడు సమాన భాగాలు చేయొద్దు. మొదటి రోజు సామాను సర్ది, తాళాలు వేసి, మర్చిపోయిన చార్జర్ కోసం వెనక్కొచ్చేసరికి ఎలాగూ ఆలస్యమవుతుంది. ఆ రోజుకు 6½ గంటలు చాలు. రెండో రోజుకు అందరూ బండికి అలవాటు పడతారు, బయల్దేరడం కూడా తేలిక. అందుకే పెద్ద ముక్క, 7½ గంటలు, ఆ రోజుకిద్దాం. ఏడు దాటింది కాబట్టి ఆ రోజు ఇద్దరు మార్చుకుంటూ నడపాలి. మూడో రోజుకు ఒళ్లు అలుస్తుంది, ఓపికా తగ్గుతుంది. మిగిలిన 6 దానికి వదిలేద్దాం. గంటకు సగటున 70 చొప్పున వరసగా 455, 525, 420 కిలోమీటర్లు. చూశారా, కిలోమీటర్లు చివర్లో వాటంతటవే వచ్చాయి.

ఇప్పుడు మొదటి రోజును విప్పుదాం. స్టీరింగ్ 6 గంటల 30 నిమిషాలు. భోజనానికి 60 నిమిషాలు. చిన్న స్టాపులు నాలుగు, ఒక్కొక్కటి 25 నిమిషాలు, మొత్తం 100. ట్రాఫిక్, రోడ్డు పనులు, దారి తప్పడం లాంటివాటికి స్టీరింగ్ సమయంలో పదో వంతు, అంటే 40 నిమిషాలు. అన్నీ కలిపితే 9 గంటల 50 నిమిషాలు. ఎనిమిదింటికి బయల్దేరితే చేరేది సాయంత్రం 5:50కి. మ్యాప్ మాత్రం మధ్యాహ్నం రెండున్నర అని చూపిస్తూ కూర్చుంటుంది.

చిన్న స్టాపుకు 25 నిమిషాలా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. అందుకే ఒకసారి "పది నిమిషాలు ఆగుదాం" అన్నప్పుడు పక్క సీట్లో ఉన్న మా ఆవిడతో టైమ్ రాయించాను. నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు:

10:42 హైవే దిగాం. 10:45 పార్కింగ్ దొరికింది. 10:47 చిన్నదాని చెప్పు ఒకటి కనిపించలేదు. 10:50 ముందు సీటు కింద దొరికింది. 10:52 బాత్రూమ్ దగ్గర లైను. 10:59 అందరూ బయటికొచ్చారు. 11:01 పెద్దాడు ఇప్పుడు నాకూ వస్తుందన్నాడు. 11:05 అందరూ కూర్చున్నారు. 11:06 బెల్టులు. 11:09 మళ్లీ హైవే ఎక్కాం.

ఇరవై ఏడు నిమిషాలు. ఎవరూ తాత్సారం చేయలేదు, ఏ పనీ అనవసరం కాదు. ఆ పేజీ ఉన్న నోటుబుక్కు ఇప్పటికీ డ్యాష్‌బోర్డ్ అరలోనే ఉంటుంది.

స్టాపులు ఎక్కడ పెట్టాలి

బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం దూర ప్రయాణాల్లో ప్రతి రెండు గంటలకూ కనీసం 15 నిమిషాలు ఆగమంటుంది. రెండు గంటలను పై హద్దుగా పెట్టుకుని, మీ కాగితంలోని చిన్న అంకె దానికంటే తక్కువైతే దాన్నే పాటించండి. మాకది 80 నిమిషాలు. అందుకే ఆరున్నర గంటలకు భోజనంతో కలిపి ఐదు స్టాపులు పెట్టాను. వాటి మధ్య ఆరు ముక్కలు, ఒక్కో ముక్క 65 నిమిషాలు. బొటాబొటీగా 80 కాకుండా 65 వచ్చింది కాబట్టి, సరైన చోటు దొరక్కపోతే ఇంకో పావుగంట ముందుకు పోయే వీలుంటుంది. ఇంధనం, బాత్రూమ్, కాళ్లు చాపుకోవడం ఒకే చోట అయిపోయేలా చూసుకోండి. ట్యాంకులో పావు వంతు మిగిలి ఉండగానే నింపడం అలవాటైతే ఆ టెన్షన్ కూడా ఉండదు.

పెద్దవాళ్ల సంగతి వేరే చెప్పాలి. ఆగినప్పుడు "నేను దిగను, మీరు వెళ్లి రండి" అంటారు. ఒప్పుకోకండి. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. దిగి నాలుగడుగులు వేయాల్సిందే. మా అమ్మకు నడవమని చెబితే వినదు, పిల్లల్ని చూసుకోమంటే వెంటనే దిగుతుంది.

కడుపులో తిప్పేవాళ్లు ఉంటే మలుపుల రోడ్డు భోజనం తర్వాత రాకుండా చూడండి. భోజనానికి ముందు మలుపులు, తర్వాత తిన్నని రోడ్డు. దీనికోసం ఒక్కోసారి రాత్రి బస ఊరే మార్చాల్సి వస్తుంది, మార్చడమే నయం.

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకు ఒక్క మాట. ఫాస్ట్ చార్జర్ దగ్గర 80 శాతం దాటాక చార్జింగ్ నెమ్మదిస్తుంది. కాబట్టి దారిలో 80 నుంచి 10 మధ్యే వాడుకుంటామనుకోండి. హైవే మీద నిండు చార్జికి 400 కిలోమీటర్లు వచ్చే కారైతే, రెండు చార్జింగుల మధ్య లెక్కలోకి తీసుకోవాల్సింది 280. పిల్లలతో వెళ్లేవాళ్లు ఎలాగూ అంతకంటే ముందే ఆగుతారు కాబట్టి పెద్ద తేడా ఉండదు.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు

ఈ రెండు గంటల మీద నాకు ప్రత్యేకమైన భయం. మనిషి ఒంట్లోని గడియారం రోజులో రెండుసార్లు నిద్రకు లాగుతుంది. ఒకటి తెల్లవారుజామున, రెండోది మధ్యాహ్నం ఈ వేళప్పుడు. తిన్నా తినకపోయినా లాగుతుంది, తింటే ఇంకాస్త. గంటకు 100 వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు రెప్ప వాలితే 80 మీటర్లకు పైగా బండిని ఎవరూ నడపనట్టే.

అద్దం దించడం, పాటల సౌండ్ పెంచడం అందరూ చేసేవే. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో జిమ్ హార్న్, లూయిస్ రేనర్ 1990లలో వీటిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో పరీక్షించారు. చల్లగాలి, రేడియోల ప్రభావం కాసేపే ఉంటుందని తేలింది. పనిచేసింది కాఫీ, చిన్న కునుకు. కాఫీ ఒంటికి పట్టడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. కాబట్టి బండి పక్కన ఆపి, కాఫీ తాగిన వెంటనే సీటు వాల్చి పావుగంట కళ్లు మూసుకోండి. లేచేసరికి కాఫీ పని మొదలుపెడుతుంది. దీంతో గంటో గంటన్నరో గడుస్తుందంతే, రాత్రి నిద్రకు ఇది బదులు కాదు. మా ప్లాన్లలో రెండున్నర ప్రాంతంలో ఒక స్టాపు ఎప్పుడూ ఉంటుంది, అది నా కునుకు కోసం.

ఆఫీసు నుంచి రాగానే రాత్రి బయల్దేరితే రోడ్లు ఖాళీగా ఉంటాయనే వాదన కూడా ఉంది. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరిశోధకులు డ్రూ డాసన్, క్యాథ్రిన్ రీడ్ 1997లో చూపించారు. ఉదయం ఆరుకు లేచినవాళ్లకు రాత్రి పదకొండుకే 17 గంటలు నిండుతాయి. నేను రాత్రి బయల్దేరడం మానేశాను.

చేరే వేళ నుంచి వెనక్కి రండి

బయల్దేరే టైమ్ ముందు పెట్టుకుని లెక్క మొదలుపెట్టకండి. సూర్యాస్తమయం ఎన్నింటికో చూసి, దానికి అరగంట ముందు చేరాలని రాసుకుని, అక్కడి నుంచి మొత్తం గంటలు వెనక్కి లెక్కపెట్టండి. ఆరున్నరకు పొద్దుగుంకితే ఆరింటికి చేరాలి. 9 గంటల 50 నిమిషాలు తీసేస్తే 8:10కి బండి కదలాలి. అదే రెండో రోజు 7½ గంటలకు ఇంకో చిన్న స్టాపు కలుస్తుంది. పదో వంతు కూడా 45 నిమిషాలవుతుంది. మొత్తం 11 గంటల 20 నిమిషాలు. అంటే 6:40కి కదలాలి, 5:40కి లేవాలి. పొద్దు తక్కువుండే కాలంలో ఈ 7½ను 6½కి తగ్గించి, ప్రయాణాన్ని నాలుగో రోజుకు పొడిగించడానికి వెనకాడొద్దు. పడమరకు పోయేవాళ్లు ఇంకో గంట ముందే చేరేలా చూసుకోండి. చివరి గంటలో ఎండ సూటిగా కళ్లలో పడుతుంటే ముందు బండి బ్రేక్ లైట్ వెలిగిందో లేదో కూడా తెలియదు.

ప్రతి రోజుకూ రెండు గమ్యాలు రాసుకోండి. ఒకటి అసలుది. రెండోది దానికి గంటన్నర ఇవతల, బస దొరికే ఊరు. మధ్యాహ్నం స్టాపులో గడియారం చూసి, ప్లాన్ కంటే గంటకు పైగా వెనకబడి ఉంటే ఆ రాత్రికి ఇవతలి ఊరే. ఇది రెండున్నరకే తేల్చేయాలి. సాయంత్రం ఆరింటికి అడిగితే "ఇంకెంత, వచ్చేశాం కదా" అనే జవాబే వస్తుంది. ముందుగా గది బుక్ చేసేవాళ్లు రద్దు చేసుకునే వీలున్నదే చూసుకోవాలి.

ఈ వారం చేయాల్సిన పని

మీరు వెళ్లాలనుకుంటున్న ఒక దూరప్రయాణం తీసుకోండి. మ్యాప్ గంటలను రోజులుగా పంచి, మొదటి రోజును మాత్రం పైన చెప్పినట్టు విప్పి రాయండి: స్టీరింగ్ గంటలు, స్టాపులు, పదో వంతు, సూర్యాస్తమయం, ఇవతలి ఊరు. ఆ తర్వాత వచ్చే ఆదివారం ఇంట్లోవాళ్లందరితో కలిసి ఒక రెండు గంటల దూరం వెళ్లి, దారిలో ఒకే ఒక్కసారి ఆగండి. హైవే దిగిన నిమిషం, మళ్లీ ఎక్కిన నిమిషం రాసుకోండి. మీ లెక్కలో నా 25 తీసేసి ఆ అంకె పెట్టండి. నాలుగో పాఠంలో డిక్కీ సర్దుదాం. ఏ స్టాపులో ఏ సంచి దిగాలన్నది ఈ కాగితం చూసే తేల్చాలి కాబట్టి పారేయకండి.