ఆట చప్పగా ఉందా? డిలీట్ చేసే ముందు ఇవి చూడండి

రోల్ ప్లేయింగ్ గేమో (మనమే ఒక పాత్రగా మారి ఆడేది), విజువల్ నావెలో (బొమ్మలతో, మధ్యమధ్యలో ఎంపికలతో చదివే కథ) నిరాశపరిస్తే ముందు తప్పు ఎవరిదో తేల్చుకోవాలి. ఒక్కోసారి గేముది, ఒక్కోసారి మనం ఆడే తీరుది.

సమస్య: ఏ ఆప్షన్ నొక్కినా కథ ఒకే దారిలో పోతోంది

కారణం: ప్రతిసారీ రెండు దారులు పెట్టి, ఎక్కడా కలపకుండా వదిలేస్తే పది ఎంపికలకే 1,024 కథలు రాయాలి. అంత డబ్బూ ఓపికా ఎవరికీ ఉండవు. అందుకే రెండు సీన్లు కాగానే దారుల్ని మళ్లీ కలిపేస్తారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ మనం చేసిన పనిని తర్వాతైనా కథలో ఎవరో ఒకరు గుర్తుచేయాలి కదా! సేల్‌లో కొన్న ఓ చిన్న విజువల్ నావెల్‌లో "నీతో వస్తాను", "ఇంటికి వెళ్తాను", "ఏమీ అనను" అని మూడు ఆప్షన్లు ఇచ్చారు. మూడూ నొక్కి చూశాను. మూడింటికీ కథలోని అమ్మాయి "సరే, నీ ఇష్టం" అంది. వెంటనే అదే రైల్వే స్టేషన్, అదే వాన.

పరిష్కారం: ఎంపిక దగ్గర సేవ్ చేసి ఒకసారి ముందుకు చదవండి. తర్వాత ఆ సేవ్ తెరిచి, వేరే ఆప్షన్ నొక్కి, కంట్రోల్ కీ నొక్కి పట్టుకోండి. రెన్‌పైలో (విజువల్ నావెల్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) చేసిన గేముల్లో మామూలుగా చదివేసిన లైన్లే స్కిప్ అవుతాయి, కొత్త లైన్ రాగానే స్కిప్ ఆగిపోతుంది. ఎక్కడా ఆగకుండా పరుగెత్తిందంటే మీ ఎంపికకు విలువ లేనట్టే.

సమస్య: గంటలు గడిచినా అసలు కథ మొదలవలేదు

కారణం: చిల్లర పనుల్లో ఇరుక్కుపోయారు. 2014లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్‌లో చాలామంది మొదటి ప్రాంతమైన హింటర్‌ల్యాండ్స్‌లోనే మూలికలు ఏరుకుంటూ ఉండిపోయారు. చివరికి గేమ్ తీసినవాళ్లే, అక్కడి నుంచి కదలండి బాబూ అని చెప్పాల్సి వచ్చింది.

పరిష్కారం: కథ ముందుకు పోవడానికి కావలసినంత చేసి బయటపడండి. మిగిలినవి తర్వాత చూసుకోవచ్చు. ప్రతి చిన్న శత్రువూ పది నిమిషాలు చావకపోతే డిఫికల్టీ తగ్గించండి, అందులో నామోషీ ఏమీ లేదు.

సమస్య: ట్రైలర్‌లో చూసింది ఒకటి, చేతికొచ్చింది ఒకటి

కారణం: పూర్తికాకుండానే వదిలారు. సైబర్‌పంక్ 2077 సంగతి తెలిసిందే. 2020 డిసెంబర్ 10న విడుదలైంది, పాత కన్సోళ్లలో బగ్గుల గోల తట్టుకోలేక వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి తీసేసింది. 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాక అదే గేమును జనం మెచ్చుకున్నారు.

పరిష్కారం: గేమ్ విడుదల కాకముందే డబ్బు కట్టకండి. కొనేశారా, పక్కన పెట్టి ఏడాది ఆగండి.

సమస్య: విజువల్ నావెల్ ముగిసింది, సగం ప్రశ్నలకు జవాబు లేదు

మీరు చదివింది ఒక్క రూటే, అంటే కథలో ఒక్క దారే అయ్యుండొచ్చు. 2004లో వచ్చిన ఫేట్/స్టే నైట్‌లో మూడు రూట్లు, ఒకటి పూర్తయితేనే తర్వాతిది తెరుచుకుంటుంది. ఎండింగ్ అయ్యాక మెయిన్ మెనూ నుంచి మళ్లీ మొదలుపెట్టి చూడండి.

ఏదీ పనిచేయకపోతే

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొని 14 రోజులు దాటకుండా, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే రిఫండ్ అడగొచ్చు. విజువల్ నావెల్‌కి ఆ రెండు గంటలు ఇట్టే అయిపోతాయి. టీ పెట్టుకోవడానికి లేచినా గేమ్ మూసేసి వెళ్లండి, తెరిచి వదిలేసిన టైమ్ కూడా ఆడినట్టే లెక్క.