కెమ్నిట్స్‌లో మొదటి చలికాలం: జర్మన్ ఒంటబట్టాలంటే

జర్మనీలోని కెమ్నిట్స్‌కు చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, హాస్టల్ గది తాళంచెవి కోసం అక్కడి హౌస్‌మైస్టర్, అంటే భవనం బాగోగులు చూసే పెద్దాయన, నన్ను 'ఫీర్టెల్ నోయిన్'కి రమ్మన్నారు. ఫీర్టెల్ అంటే పావు, నోయిన్ అంటే తొమ్మిది. తొమ్మిదింబావు అనుకుని రెండు పెట్టెలు లాక్కుంటూ వెళ్లాను. తలుపు మూసి ఉంది, ఆయన వెళ్లిపోయారు. ఆ రాత్రి ఒక సీనియర్ గదిలో నేల మీద పడుకున్నాను. కెమ్నిట్స్ ఉన్న సాక్సొనీ రాష్ట్రంలో ఆ మాటకు అర్థం ఎనిమిదింబావు అని ఆమే చెప్పింది. తొమ్మిదివైపు నడుస్తున్న గంటలో పావు వంతు గడిచిందన్న లెక్క అది. 'హాల్ప్ నోయిన్' ఎనిమిదిన్నర, 'ద్రైఫీర్టెల్ నోయిన్' పావు తక్కువ తొమ్మిది. హాల్ప్ జర్మనీ అంతటా ఇంతే. మిగతా రెండూ తూర్పున, దక్షిణాన ఎక్కువగా వినిపిస్తాయి.

అందుకే ఎవరు సమయం చెప్పినా అంకెల్లో తిరిగి చెప్పి ఖాయం చేసుకోండి: 'ఆఖ్ట్ ఊర్ ఫ్యున్ఫ్‌ట్సేన్?', అంటే ఎనిమిదీ పదిహేనుకా అని. క్లాసుల టైంటేబుల్‌లో గంట పక్కన సి.టి. అని ఉంటే పదిహేను నిమిషాల తర్వాత మొదలవుతుంది, ఎస్.టి. అని ఉంటే సరిగ్గా ఆ సమయానికే.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. అందుకు ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. దాని పేరు చూసి నేను మొదట బెదిరిపోయాను: వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్. విడదీస్తే వోనుంగ్ ఇల్లు, గేబర్ ఇచ్చేవారు, బెస్టేటిగుంగ్ ధ్రువీకరణ. ఇల్లు ఇచ్చినవారి ధ్రువీకరణ! బడిలో తత్పురుష సమాసానికి విగ్రహవాక్యం రాసినవాళ్లకు ఇది కొత్త పనేమీ కాదు. ఎంత పొడవు మాటైనా చివరి ముక్క పట్టుకోండి. అసలు వస్తువు అదే, నామవాచకం ముందు చేరి దాని లింగాన్ని చెప్పే డేర్, డీ, దాస్‌లలో ఏది వస్తుందో నిర్ణయించేదీ అదే.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: జర్మన్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకోకండి, తెలుగు మీదుగా నేర్చుకోండి. మొదటి మూడు నెలలు నేను ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులో అల్లుకుని మార్చేదాన్ని. చలేస్తోందని చెప్పాలంటే 'ఇష్ బిన్ కాల్ట్' అనేదాన్ని, అది అక్కడివాళ్లకు వింతగా వినిపించేది. సరైన మాట 'మీర్ ఇస్ట్ కాల్ట్'. మీర్ అంటే 'నాకు'. నాకు చలిగా ఉంది! 'దాస్ గెఫెల్ట్ మీర్' అంటే అది నాకు నచ్చింది. డేటివ్ విభక్తి అని పుస్తకం భయపెట్టే చోట మన 'కు' ప్రత్యయం చాలావరకు దారి చూపిస్తుంది. 'వైల్ ఇష్ క్రాంక్ బిన్' (నాకు ఒంట్లో బాగోలేదు కాబట్టి) అన్నప్పుడు 'బిన్' అనే క్రియ చివరికి పోతుంది, మన వాక్యంలో లాగే. నువ్వు, మీరు తేడా తెలిసినవాళ్లకు 'డూ', 'జీ' తేడా వివరించక్కర్లేదు. పెద్దవాళ్లు, అధికారులు తామే డూ అనమనేదాకా జీ అనే పిలవండి. మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానంలోకి రావడానికి, వస్తువుల లింగానికి మాత్రం తెలుగు సాయపడదు. ప్రతి నామవాచకాన్నీ డేర్, డీ, దాస్‌తో కలిపే రాసుకోండి.

వంటగదిలో ఒక సాయంత్రం జరిగింది చెబుతాను. పొయ్యి మీద పోపు వేస్తున్నాను, గది నిండా పొగ. పక్క గది అమ్మాయి 'మాఖ్ బిట్టె దాస్ ఫెన్‌స్టర్...' అని మొదలుపెట్టింది. ఫెన్‌స్టర్ అంటే కిటికీ అని తెలుసు. వెంటనే మూసేశాను. వాక్యం చివరి ముక్క అప్పుడు వచ్చింది: 'ఔఫ్'. ఔఫ్ అయితే తెరవాలి, ట్సూ అయితే మూయాలి. క్రియ రెండుగా విడిపోయి సగం వాక్యం చివర కూర్చుంటుంది. చివరిదాకా ఆగి వినడం తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు, ఇక్కడ దాన్ని వాడుకోండి. అన్నట్టు, చలికాలంలోనూ రోజూ కొన్ని నిమిషాలు కిటికీలు బార్లా తెరవాలి. లేకపోతే గోడలకు బూజు పడుతుంది.

మీరు తడబడగానే అవతలివారు మంచితనంతోనే ఇంగ్లీషులోకి మారిపోతారు. అప్పుడు 'ఇష్ లెర్నె నోఖ్, బిట్టె డోయిచ్' అనండి: ఇంకా నేర్చుకుంటున్నాను, దయచేసి జర్మన్‌లోనే. నేను అడిగితే కాదన్నవాళ్లు దాదాపు లేరు. కోర్సు ఇంగ్లీషులో ఉన్నవాళ్లు ఈ ఒక్క వాక్యం నేర్చుకోకపోతే డిగ్రీ పూర్తయినా బేకరీలో వేలు చూపించే స్థితిలోనే ఉంటారు. యూనివర్సిటీ క్రీడా విభాగంలో ఏదో ఒక ఆటలో చేరండి. నేను వాలీబాల్‌లో చేరాను. బంతి మీద పడుతున్నప్పుడు మనకోసం ఎవరూ భాష మార్చరు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర కాకముందే చీకటి పడే ఊళ్లో, వారానికి రెండుసార్లు గది దాటి బయటికి రావడానికి అదొక కారణం కూడా. ఉదయం పూట జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెలె వారి నెమ్మదిగా చదివే వార్తలు వినండి, చదివేదంతా పక్కనే రాసి కూడా ఉంటుంది.

పోస్టు పెట్టె మీద మీ పేరు అంటించండి, లేకపోతే ఉత్తరాలు వెనక్కి పోతాయి. కోర్టు నుంచో ప్రభుత్వ కార్యాలయం నుంచో పసుపు కవరు వస్తే ఆ రోజే తెరవండి. జవాబు గడువు కవరు మీద రాసిన తేదీ నుంచి లెక్క. చాలా యూనివర్సిటీల్లో పరీక్షకు విడిగా పేరు నమోదు చేసుకోవాలి, క్లాసుకు వెళ్లినంత మాత్రాన సరిపోదు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి సరుకులు శనివారమే తెచ్చుకోండి.

అన్నిటికంటే కష్టం ఫోను. అవతలి మనిషి ముఖం కనిపించదు, అంకెలు తిరగేసి చెబుతారు: ఇరవై ఒకటిని 'ఒకటీ ఇరవై' అంటారు. డాక్టరు దగ్గరికి సమయం అడగాలంటే ముందే కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకోండి: పేరు, పుట్టిన తేదీ, బాధ ఏమిటి, ఏ రోజు వీలు. నంబరు చెబుతుంటే 'ఐన్‌ట్సెల్న్, బిట్టె' అని ఆపండి. ఒక్కో అంకె విడిగా చెబుతారు.