చలి పొద్దున డీజిల్ బండికి రెండుసార్లు హీటర్

డిసెంబరు, జనవరిలో లంబసింగి, పాడేరు వైపు తెల్లారుజామున డీజిల్ బండికి సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతూనే ఉంటుంది, అందుకోదు. ఈలోగా బ్యాటరీ పడిపోతుంది.

ముందు లైట్లు, ఫ్యాను, పాటలు ఆపేయండి. తాళం ఆన్‌లో పెట్టగానే సిలిండర్లను లోపల వేడిచేసే హీటర్ ప్లగ్గులు పనిచేయడం మొదలై, చుట్టల గుర్తున్న పసుపు లైటు వెలుగుతుంది. అది ఆరాక సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆఫ్ చేసి, 2 సెకన్లాగి మళ్లీ ఆన్ చేయండి. రెండోసారి ఆరగానే, బండి న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. క్లచ్ తొక్కితే గేర్‌బాక్సులో చలికి చిక్కబడ్డ ఆయిల్ బరువు సెల్ఫ్ మీద పడదు. చాలామంది వదిలేసేది ఇదే. ఒక విడతకి 10 సెకన్లు మించొద్దు, మధ్యలో అర నిమిషం ఆగాలి.

హీటర్ ప్లగ్గు కాలిపోయి ఉంటే మాత్రం ఇది పనిచేయదు. తెల్లపొగ కక్కుతూ ఒకటి రెండు సిలిండర్లే అందుకుంటుంటే అనుమానించాల్సింది దాన్నే. వైరు విప్పి మల్టీమీటర్ పెట్టండి: మంచి ప్లగ్గు 1 ఓమ్‌కి అటూఇటూగా చూపిస్తుంది, కాలిపోయింది రీడింగే ఇవ్వదు. అంతేగాని ఎయిర్ ఫిల్టర్‌లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టకండి. వేడి ప్లగ్గుకి తగిలి ముందే పేలితే పిస్టన్ దెబ్బతింటుంది.