నడుస్తున్న ప్రాసెస్‌కు ఉన్న వనరుల పరిమితులను కమాండ్ లైన్‌లో చూడటం

లినక్స్ సర్వర్‌లో ఏదైనా ప్రోగ్రాము "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" (తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయి) అని లాగ్‌లో రాసి మొరాయించినప్పుడు, చాలామంది వెంటనే టెర్మినల్ తెరిచి, పరిమితులను చూపే యూలిమిట్ కమాండ్ ఇస్తారు. అక్కడ పెద్ద సంఖ్య కనబడగానే లోపం పరిమితిలో లేదని తేల్చేస్తారు. కానీ ఆ కమాండ్ చూపేవి తాము లాగిన్ అయిన షెల్ (కమాండ్లు అందుకునే ప్రోగ్రాము) పరిమితులే. ప్రతి ప్రాసెస్‌కూ (నడుస్తున్న ప్రోగ్రాముకూ) పరిమితులు దాన్ని పుట్టించిన ప్రాసెస్ నుంచి వస్తాయి కాబట్టి, బూట్ సమయంలో సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపించే ప్రోగ్రాము) ప్రారంభించిన సర్వీసుకూ మన షెల్‌కూ ఈ విషయంలో పొంతన ఉండనక్కరలేదు. అందుకే, అడగవలసింది ఆ ప్రాసెస్‌నే.

ముందుగా పీగ్రెప్ కమాండ్‌తో ప్రాసెస్ ఐడీ తెలుసుకోవాలి. తరువాత, ప్రాసెస్‌ల వివరాలు ఉండే ప్రాక్ డైరెక్టరీలో ఆ ఐడీ పేరుతో ఉన్న డైరెక్టరీలోకి వెళ్లి, లిమిట్స్ అనే ఫైలును క్యాట్‌తో చదవాలి. ఒక్కో వరుసలో పరిమితి పేరు, సాఫ్ట్ విలువ, హార్డ్ విలువ, కొలమానం కనబడతాయి. ఉదాహరణకు "మ్యాక్స్ ఓపెన్ ఫైల్స్" వరుసలో 1024, 524288 అని ఉంటే, లినక్స్ మూలభాగమైన కెర్నెల్ ప్రస్తుతం అమలు చేస్తున్నది 1024 మాత్రమే. రెండో సంఖ్య, ప్రాసెస్ తన సాఫ్ట్ పరిమితిని తానే ఎంతవరకు పెంచుకోవచ్చో చెబుతుంది. ప్రోగ్రాము ఆ పని చేయకపోతే అది ఎంత పెద్దదైనా ప్రయోజనం లేదు.

పరిమితి తెలిస్తే సరిపోదు, వాడకం కూడా చూడాలి. అదే డైరెక్టరీలోని ఎఫ్‌డీ అనే ఉపడైరెక్టరీలో తెరిచి ఉన్న ప్రతి ఫైలుకూ సాకెట్‌కూ (డేటా మార్పిడి కనెక్షన్‌కూ) ఒక్కో లింకు ఉంటుంది. వాటిని లెక్కించి 1024తో పోల్చాలి. వేరే యూజర్ ప్రాసెస్ అయితే దీనికి రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అధికారం కావాలి. గంటగంటకూ లెక్క పెరుగుతూ, ఎన్నడూ తగ్గకపోతే, తెరిచినవాటిని ప్రోగ్రాము మూయడం లేదేమోనని అనుమానించాలి. అప్పుడు పరిమితి పెంచడం వైఫల్యాన్ని వాయిదా వేయడమే అవుతుంది.

ఇవే విలువలను పీఆర్‌లిమిట్ కమాండ్ కూడా పట్టికగా చూపుతుంది. అయితే పరిమితి పేరు పక్కన సమానం గుర్తు పెట్టి సంఖ్య ఇస్తే, అది చూపడం మాని నడుస్తున్న ప్రాసెస్ పరిమితినే మార్చేస్తుంది. అందువల్ల పరిశీలన కోసమే అయితే, ముఖ్యంగా రూట్‌గా ఉన్నప్పుడు, లిమిట్స్ ఫైలును చదవడమే మేలని నా అభిప్రాయం.

రెండు వరుసలను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. "మ్యాక్స్ ప్రాసెసెస్" లెక్క ఆ ఒక్క ప్రాసెస్‌ది కాదు. ఆ యూజర్ పేరుతో నడుస్తున్న అన్ని ప్రాసెస్‌లనూ, వాటి థ్రెడ్‌లతో (ప్రాసెస్‌లో సమాంతరంగా నడిచే పనులతో) సహా, కలిపి చూస్తారు. "మ్యాక్స్ రెసిడెంట్ సెట్" (భౌతిక మెమరీ వాడకం) విలువను నేటి కెర్నెళ్లు అసలు అమలు చేయవు.

మెమరీకి నిజమైన కట్టడి సీగ్రూప్‌లో, అంటే ప్రాసెస్‌లను గుంపుగా చేసి వనరులకు హద్దులు పెట్టే కెర్నెల్ ఏర్పాటులో ఉంటుంది. ప్రాసెస్ డైరెక్టరీలోని సీగ్రూప్ ఫైలు దాని మార్గం చెబుతుంది. సీగ్రూప్ రెండో వెర్షన్ వాడే సిస్టమ్‌లో ఆ మార్గాన్ని సిస్ ఎఫ్ఎస్ సీగ్రూప్ కింద అనుసరిస్తే మెమరీ డాట్ మ్యాక్స్, పిడ్స్ డాట్ మ్యాక్స్, సీపీయూ డాట్ మ్యాక్స్ ఫైళ్లు దొరుకుతాయి. చివరిదానిలో 50000 100000 అని ఉంటే ఒక సీపీయూ సమయంలో సగమే దక్కుతుందని అర్థం. పై స్థాయి గ్రూపుల పరిమితులు కూడా వర్తిస్తాయి కనుక వాటినీ చదవాలి. మెమరీ డాట్ ఈవెంట్స్‌లో ఊమ్ కిల్ (మెమరీ చాలక చంపిన ప్రాసెస్‌ల) సంఖ్య సున్నా కాకపోతే, ఆ గ్రూపులో ఏదో ప్రాసెస్‌ను కెర్నెల్ ఇదివరకే చంపిందన్నమాట.

విలువ మార్చవలసి వస్తే, పరిమితులు రాసే లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైలు లాగిన్ సెషన్లకే పనిచేస్తుంది. సిస్టమ్‌డీ సర్వీసుకు దాని యూనిట్ ఫైలులోనే (సర్వీసు సెట్టింగుల ఫైలులోనే) రాయాలి. రీస్టార్ట్ తరువాత ఐడీ మారుతుంది కాబట్టి, కొత్త ఐడీతో లిమిట్స్ ఫైలును మళ్లీ చదివి నిర్ధారించుకోవాలి.