నిమ్మ పాదుల్లో కర్ర చిప్స్ వేశారా? వానలకు ముందే మొదళ్లు చూసుకోండి

పోయిన ముసుర్లకు మా పక్క ఊళ్లో మంచి కాపు మీదున్న నిమ్మ తోటలో చెట్లు వరసగా ఎండిపోయాయి. ముందు ఆకుల ఈనెలు పసుపెక్కాయి, తర్వాత ఆకు రాలింది, పిందెలు రెమ్మకు ఉన్నవి ఉన్నట్టే ఎండాయి. రైతు పోషకాల లోపం అనుకుని మందుల మీద మందులు కొట్టించాడు. చివరికి మొదట్లో పోసిన చిప్స్ పక్కకు లాగితే బంక కారుతోంది. వేలితో నొక్కితే బెరడు నానిన అట్టలా ఊడొచ్చింది. చుట్టూరా బెరడు కుళ్లాక ఆ చెట్టు ఇక బతకదు.

పాదులో ఇలా చిప్స్ పరచడం, అంటే మల్చింగ్, మంచిదే. కలుపు తగ్గుతుంది, తేమ నిలుస్తుంది, అది అందరికీ తెలుసు. తోటలు పోతున్నది ఒకే ఒక్క తప్పు వల్ల: చిప్స్ మొదలుకు ఆనించి గుట్టగా పోయడం.

మొదలు చల్లగా ఉండాలని కొందరు కావాలనే అలా పోస్తారు. ఎక్కువమంది కూలీలకు అప్పజెప్పి వెళ్లిపోతారు. గంప బోర్లించడానికి మొదలే అనువు కాబట్టి వాళ్లూ అక్కడే పోస్తారు. తడి కావాల్సింది కొమ్మల అంచు కింద ఉండే పీచు వేళ్లకు. మొదలు బెరడుకు కావాల్సింది గాలి. బంక తెగులు తెచ్చే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి మట్టిలోనే ఉంటుంది, నీళ్లు నిలిస్తే దాని బీజాలు ఈదుకుంటూ వచ్చి నానిన బెరడులో దిగుతాయి. కాబట్టి మొదలు చుట్టూ అడుగు మేర ఖాళీ వదలండి. జానెడు కాదు, అడుగు. బత్తాయి నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టికి పైన ఉండాలని జాగ్రత్త పడినవాళ్లే ఇప్పుడు దాన్ని చిప్స్‌తో పూడ్చేస్తున్నారు!

నీళ్ల సంగతీ దీనికి ముడిపడిందే. చిప్స్ వేశాక కూడా డ్రిప్పు పాత గంటల లెక్కనే వదిలితే పాదు ఆరదు. వేలు దింపి తడి చూసి వదలండి. డ్రిప్పర్లు మొదలు దగ్గరుంటే బయటికి జరపండి. కాలవ నీళ్లైతే రెండు వలయాల పాదు చేయండి, లోపలి వలయంలోకి నీళ్లు పోకూడదు.

చిప్స్ మందం మూడు నాలుగు అంగుళాలు చాలు. సరుగుడు, సుబాబుల్ చిప్స్ పర్వాలేదు. జామాయిల్ అయితే కొన్ని నెలలు మాగనిచ్చి వేయండి. రంపపు పొట్టు మందంగా వేస్తే అట్టకట్టి వాన నీళ్లను దిగనివ్వదు. ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన చెక్క, చెదల మందు పట్టించిన చెక్క ఊరికే ఇచ్చినా వద్దు.

ఇక మిగతావి:

పొడి నేల మీద చిప్స్ పరచొద్దు, ముందు తడి పెట్టండి.

మట్టిలో కలిపి దున్నొద్దు. కుళ్లేటప్పుడు నత్రజనిని లాగేసుకుంటాయి, చెట్టు పాలిపోతుంది.

పచ్చి చిప్స్ పెద్ద కుప్పగా పోసి నెలలు వదిలేయొద్దు, లోపల వేడెక్కుతుంది. కొబ్బరి తోట పక్కన అసలే వద్దు, కొమ్ము పురుగు అందులోనే గుడ్లు పెడుతుంది.

కుప్పలో చెయ్యి పెట్టొద్దు. పార వాడండి, బూట్లు వేసుకోండి. రక్తపింజరి ఆ రంగులోనే కలిసిపోతుంది.

ఎండాకాలం తోటలో బీడీ వద్దు.

మొదలు మీద చెదల మట్టి గొట్టాలు కనబడితే చిప్స్ వెంటనే లాగేయండి.

చిప్పర్ మిషన్‌లో ఇరుక్కున్న కొమ్మను చేత్తో తీయొద్దు. మిషన్ ఆపండి, అది పూర్తిగా ఆగేదాకా ఉండండి, తర్వాతే తీయండి.

వానలకు ముందే మొదళ్లకు బోర్డో పేస్టు పూయండి: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు పది లీటర్లు. ప్లాస్టిక్ బకెట్ వాడండి, ఇనుప పాత్ర వద్దు.

బంక కనబడిన చోట కుళ్లిన బెరడు గీకి, అదే పేస్టు ఆ రోజే పట్టించండి. గీకిన పొట్టు తోట బయట కాల్చండి.

పెద్ద వాన పడ్డాక తోట మొత్తం తిరగండి. నీటి వాలుకు చిప్స్ కొట్టుకొచ్చి మళ్లీ మొదలుకే చేరతాయి. పారతో వెనక్కి లాగండి. ప్రతి చెట్టుకీ, ప్రతి వానకీ.